మేజోళ్లకు మాటలొచ్చాయి!

టై చూస్తే మనిషి అభిరుచి తెలుస్తుంది. చేతి గడియారం చూస్తే తాహతు తెలుస్తుంది. మరి ప్యాంటు అంచుకీ బూటుకీ మధ్య తొంగిచూసే ఆ నాలుగు వేళ్ల మేరా? నలుపో, బూడిదరంగో వేసుకుని అన్నేళ్లుగా మౌనంగా ఉన్న మేజోళ్లు ఇప్పుడు గొంతు విప్పాయి. యుద్ధ విమానాల సాహసాలూ, పాత విమానాశ్రయాల జ్ఞాపకాలూ, తాతల నాటి వంశ చిహ్నాలూ... అన్నీ చీలమండ దగ్గరే చెప్పేస్తున్నాయి!

2018 డిసెంబరు. అమెరికా మాజీ అధ్యక్షుడు జార్జి హెచ్.డబ్ల్యూ. బుష్ అంత్యక్రియలకు ఏర్పాట్లు జరుగుతున్నాయి. దేశదేశాల ప్రముఖులు తరలివస్తున్నారు. ఆ హడావుడి మధ్యలో ఆయన ప్రతినిధి ఒక ఫొటో విడుదల చేశాడు. అందులో ఉన్నది పూలతో అలంకరించిన శవపేటిక కాదు. సైనిక వందనమూ కాదు. ఒక జత సాక్సులు! బూడిదరంగు మేజోళ్ల మీద బారులు తీరి ఎగురుతున్న జెట్ విమానాలు. పద్దెనిమిదేళ్ల వయసులో నౌకాదళ పైలట్‌గా మొదలుపెట్టి జీవితాంతం చేసిన దేశసేవకు గుర్తుగా వాటిని తొడిగి సాగనంపుతున్నామన్నది ఆ ప్రకటన సారాంశం.

తొంభై నాలుగేళ్ల పెద్దాయనకు ఆఖరి ప్రయాణంలో బొమ్మల మేజోళ్లా అని మనకు అనిపించొచ్చు. కానీ ఆ బొమ్మల వెనక ఏముందో తెలిస్తే నవ్వు రాదు.

విమానం పేరు బార్బరా

1942 జూన్ 12. బుష్‌కి సరిగ్గా పద్దెనిమిదేళ్లు నిండిన రోజు. అదేరోజు వెళ్లి నౌకాదళంలో చేరిపోయాడు. ఏడాది తిరిగేసరికి పైలట్ అయ్యాడు. పసిఫిక్ సముద్రంలో విమానవాహక నౌక మీంచి 'అవెంజర్' బాంబర్‌ని నడిపేవాడు. ఆ విమానానికి తాను ప్రేమించిన అమ్మాయి పేరు పెట్టుకున్నాడు... బార్బరా!

1944 సెప్టెంబరు 2న జపాన్‌వాళ్ల అధీనంలోని చిచిజిమా దీవి మీద దాడికి వెళ్లినప్పుడు ఆయన విమానానికి దెబ్బ తగిలింది. మంటలు లేచాయి. అయినా బాంబులు జారవిడిచి, విమానాన్ని సముద్రం మీదికి మళ్లించి పారాచూట్‌తో దూకాడు. చిన్న రబ్బరు తెప్ప మీద గంటల తరబడి తేలుతూ ఉంటే అమెరికా జలాంతర్గామి ఒకటి వచ్చి కాపాడింది. వెంట ఉన్న ఇద్దరు సహచరులు మాత్రం బతకలేదు. ఆ ఇద్దరినీ ఆయన జీవితాంతం తలచుకుంటూనే ఉన్నాడు. సాక్సు మీద బారులు తీరిన విమానాలంటే ఆయనకు ఇదంతా!

అసలు బుష్ మేజోళ్ల పిచ్చి లోకానికి తెలిసింది ఆయన చక్రాల కుర్చీకి పరిమితమయ్యాకే. కూర్చున్న మనిషికి ప్యాంటు కాస్త పైకి జరుగుతుంది. కెమెరా కంటికి మేజోళ్లే ముందు కనిపిస్తాయి. ఇంకెవరైనా అయితే నల్లవి వేసుకుని కాళ్లు దాచుకునేవారు. ఆయన రంగురంగులవి వేసుకుని కాళ్లు చాపాడు! 2013లో కొడుకు జార్జి డబ్ల్యూ. బుష్ పేరిట కట్టిన గ్రంథాలయం ప్రారంభోత్సవంలో నలుగురు అధ్యక్షుల నల్లని, నీలి సూట్ల మధ్య ఈయన గులాబీరంగు సాక్సులే అందరి కళ్లనీ లాగేశాయి. తొంభయ్యో పుట్టినరోజున పారాచూట్‌తో దూకిన మనిషికి అదో లెక్కా!

2018 ఏప్రిల్‌లో బార్బరా కన్నుమూసింది. డెబ్భై మూడేళ్ల కాపురం. అందరికీ చదువు రావాలని ఆమె దశాబ్దాల పాటు పాటుపడింది. 1989లో అందుకోసమే ఒక సంస్థను కూడా స్థాపించింది. ఆమె అంత్యక్రియలకు చక్రాల కుర్చీలో వచ్చిన బుష్ కాళ్లకు ఉన్న మేజోళ్ల మీద... రంగురంగుల పుస్తకాల బొమ్మలు! ఆయన ఆ రోజు ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. ఆ పుస్తకాలే మాట్లాడాయి.

నవ్వు పుట్టించడం కోసం పుట్టిన బొమ్మల సాక్సులు ఇంత దూరం వచ్చాయంటే కారణం ఇదే. పెద్ద మాటల్లో చెప్పలేనిది, చొక్కా మీద రాసుకుంటే ఎబ్బెట్టుగా ఉండేది... కాలి దగ్గర ఓ చిన్న బొమ్మగా చెప్పేయొచ్చు. చూసినవాళ్లు చూస్తారు, లేకపోతే లేదు.

క్రోమోజోములూ సాక్సుల్లాగే ఉంటాయి

మార్చి 21. మన దగ్గర చాలామందికి అది మామూలు తేదీ. ప్రపంచమంతా మాత్రం ఆ రోజున డౌన్ సిండ్రోమ్ దినోత్సవం జరుపుకొంటుంది. ఆ తేదీనే ఎందుకు? మనిషి కణంలో 21వ క్రోమోజోము రెండుండాలి. అది మూడైతే డౌన్ సిండ్రోమ్. మూడో నెల, 21వ తేదీ... అదీ లెక్క. ఆ రోజు చాలా దేశాల్లో పిల్లలూ పెద్దలూ ఒక కాలికి ఒక రంగు, రెండో కాలికి ఇంకో రంగు మేజోడు వేసుకుని బయటికొస్తారు. సూక్ష్మదర్శినిలో చూస్తే క్రోమోజోములు సాక్సుల్లా కనిపిస్తాయి కాబట్టి! 'ఏమిటిది, జత కుదరలేదే?' అని ఎవరో ఒకరు అడగాలి. అడిగితే చెప్పాలి. అదే ఉద్దేశం.

న్యూయార్క్ రాష్ట్రంలో జాన్ క్రోనిన్ అనే కుర్రాడున్నాడు. పుట్టుకతోనే డౌన్ సిండ్రోమ్. చదువు పూర్తవుతుండగా 'తర్వాతేంటి?' అన్న ప్రశ్న వచ్చింది. అలాంటి పిల్లలకు ఉద్యోగాలు దొరకడం కష్టం. జాన్‌కి చిన్నప్పటి నుంచీ పిచ్చిపిచ్చి రంగుల సాక్సులంటే ఇష్టం. 'నాన్నా, సాక్సులు అమ్ముదాం' అన్నాడు. తండ్రి మార్క్ సరేనన్నాడు. అలా 2016 డిసెంబరులో తండ్రీకొడుకులు మొదలుపెట్టిన వ్యాపారమే 'జాన్స్ క్రేజీ సాక్స్'. వికలాంగులకూ, ఎదుగుదలలో తేడాలున్నవారికీ కొలువులివ్వడం వాళ్లు మొదటినుంచీ పెట్టుకున్న నియమం. ఆ సంస్థ సిబ్బందిలో సగానికి పైగా అలాంటివారే.

జాన్ ఖాతాదారుల్లో బుష్ కూడా ఒకడు. 2018 డౌన్ సిండ్రోమ్ దినోత్సవం నాడు జాన్ పంపిన సాక్సులు వేసుకుని ఆయన ఫొటో దిగాడు. ఇందులో ఇంకో విశేషం ఉంది. వికలాంగులపై వివక్ష చూపరాదంటూ అమెరికా తెచ్చిన చరిత్రాత్మక చట్టం మీద 1990 జులై 26న అధ్యక్షుడి హోదాలో సంతకం చేసింది ఆ బుష్షే!

తివాచీ మీద ప్రేమ

మనుషుల జ్ఞాపకాలు సాక్సుల మీదికి ఎక్కడం సరే. ఒక విమానాశ్రయం నేల ఎక్కితే? అమెరికాలోని పోర్ట్‌లండ్‌లో అదే జరిగింది.

అక్కడి విమానాశ్రయంలో 1980ల్లో ఒక తివాచీ పరిచారు. నీలం కలిసిన ఆకుపచ్చ నేల మీద గీతలూ, చుక్కలూ. కంట్రోల్ టవర్‌లోంచి రాత్రిపూట చూస్తే రన్‌వేలు ఒకదాన్నొకటి దాటుతూ ఎలా కనిపిస్తాయో ఆ డిజైన్‌కి అదే ఆధారం. మొదట్లో దాన్ని పట్టించుకున్నవారు లేరు. కానీ ఉద్యోగాల కోసం, చదువుల కోసం ఊరు విడిచి వెళ్లినవాళ్లు సెలవులకు తిరిగొచ్చి విమానం దిగగానే కాలు పెట్టేది దాని మీదే కదా! 'ఇంటికొచ్చేశాం' అంటూ తివాచీ మీద తమ పాదాలను ఫొటో తీసి స్నేహితులకు పంపడం ఒక ఆనవాయితీ అయిపోయింది.

బాగా నలిగిపోయిందని 2015లో దాన్ని పీకి కొత్తది వేయడం మొదలుపెట్టారు. ఊరు ఊరంతా గగ్గోలు! పాత తివాచీ ముక్కల కోసం జనం ఎగబడ్డారు. ఆ ఏడాది పట్టణంలో జరిగిన పెద్ద ఊరేగింపులో తివాచీ చుట్టనే ముఖ్య అతిథిగా ఊరేగించారంటే చూసుకోండి. అదే డిజైన్‌తో చొక్కాలు, కప్పులు, అన్నిటికన్నా ముఖ్యంగా సాక్సులు వచ్చాయి. కాళ్ల కిందిది కాళ్లకే చుట్టుకుంది! చివరికి 2024 ఆగస్టులో కొత్త టెర్మినల్ తెరిచినప్పుడు విమానాశ్రయంవారు కొన్నిచోట్ల ఆ పాత డిజైన్‌నే మళ్లీ పరిచారు.

లండన్‌లోనూ ఇలాంటి ముచ్చటే ఉంది. అక్కడి భూగర్భ రైళ్ల సీట్ల మీది మందపాటి గుడ్డకి ఒక్కో మార్గంలో ఒక్కో డిజైన్. రవాణా మ్యూజియంవారు ఆ డిజైన్లతోనే మేజోళ్లు అమ్ముతున్నారు. బ్రిటన్ వైమానిక మ్యూజియాల దుకాణాల్లో 1936లో తొలిసారి గాల్లోకి లేచిన స్పిట్‌ఫైర్‌కీ, 2003లో విశ్రాంతి తీసుకున్న కాంకార్డ్‌కీ ఇప్పటికీ అభిమానులున్నారు. ఆ మ్యూజియాలు వెతుక్కుంటూ అందరూ రాలేరు. కానీ ఎవరో బహుమతిగా ఇచ్చిన సాక్సు చూసి 'ఇదే విమానం?' అని ఓ పిల్లాడు అడిగితే అక్కడ చరిత్ర పాఠం మొదలైనట్టే.

మన వైమానిక దళానికీ అలాంటి కథ ఒకటుంది. విమానం రెక్కల మీద ఉండే వలయాల గుర్తులో బ్రిటన్‌వారిది నీలం, తెలుపు, మధ్యలో ఎర్రచుక్క. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా వైపు జపాన్‌తో పోరాడుతున్నప్పుడు ఆ ఎర్రచుక్క ప్రాణాల మీదికి తెచ్చేలా ఉంది. ఎందుకంటే జపాన్ విమానాల గుర్తు కూడా ఎర్రని గుండ్రమే! సొంతవాళ్లే శత్రువులనుకుని కాల్చేస్తారేమోనని ఆ ప్రాంతంలో ఎగిరే బ్రిటిష్, భారతీయ విమానాల మీంచి ఎరుపును తీసేశారు. చూడ్డానికి చిన్న చుక్క... దాని వెనక ఇంత కథ!

బూట్లు విప్పిన ఇరవయ్యేళ్లు

సాక్సులకీ విమానాశ్రయాలకీ ముడిపెట్టిన ఘటన ఇంకోటుంది. 2001 డిసెంబరు 22న పారిస్ నుంచి మయామీ వెళ్తున్న విమానంలో ఒకడు తన బూట్లలో దాచిన పేలుడు పదార్థానికి నిప్పంటించబోయాడు. తోటి ప్రయాణికులు, సిబ్బంది కలిసి అతణ్ని కట్టిపడేశారు. ఆ తర్వాత 2006 ఆగస్టు నుంచి అమెరికా విమానాశ్రయాల్లో తనిఖీ దగ్గర దాదాపు అందరూ బూట్లు విప్పాల్సిందే అన్నారు.

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి రాకపోకలు సాగించే మన తెలుగు కుటుంబాలకు ఈ వరస బాగా తెలుసు. బెల్టూ బూట్లూ ట్రేలో పెట్టి, వట్టి సాక్సులతో ఆ చల్లని నేల మీద నడవాలి. బొటనవేలు దగ్గర చిరుగుంటే వందమంది మధ్య పరువు పోయినట్టే! మేజోళ్లు లోపలి బట్టల జాబితాలోంచి పైబట్టల జాబితాలోకి వచ్చేసిన చోటు అది. 2025 జులైలో ఆ నిబంధన ఎత్తేశారు. అప్పటికే బొమ్మల సాక్సులు ప్రయాణికుల పెట్టెల్లో స్థిరపడిపోయాయి.

దౌత్యంలోకీ దూరాయి. 2017లో కెనడా ప్రధానిగా ఉన్న జస్టిన్ ట్రూడో బ్రసెల్స్‌లో నాటో సమావేశానికి ఒక కాలికి నీలం, రెండో కాలికి గులాబీరంగు నాటో సాక్సులు వేసుకెళ్లారు. అదే ఏడాది ఐర్లండ్ ప్రధాని లియో వరాద్కర్ ఆయన్ని కలిసినప్పుడు కెనడా మేపుల్ ఆకులున్న మేజోళ్లు వేసుకుని, ప్యాంటు పైకెత్తి మరీ చూపించారు!

సూదికో చుక్క

ఇంతకీ సాక్సు మీదికి విమానం ఎలా ఎక్కుతుంది? చాలామంది అచ్చు వేస్తారనుకుంటారు. మంచి రకాల్లో అచ్చు ఉండదు... అల్లికలోనే బొమ్మ ఉంటుంది.

సాక్సులు అల్లే యంత్రంలో గుండ్రటి గొట్టం చుట్టూ సూదులుంటాయి. 144, 168, 200... ఇలా రకరకాలు. యంత్రం ఒక చుట్టు తిరిగితే ఒక వరస అల్లిక. ఏ సూది ఏ రంగు దారాన్ని అందుకోవాలో కంప్యూటర్ చెబుతుంది. అంటే ఒక్కో సూది ఒక్కో చుక్క పెడుతుందన్నమాట... మన ఆడవాళ్లు చుక్కలు పెట్టి ముగ్గు వేసినట్టు! 168 సూదుల యంత్రం మీద సాక్సు చుట్టూతా కలిపి 168 చుక్కలే. పక్కనుంచి కంటికి ఆనేవి అందులో సగం లోపే. ఆ కాసిని చుక్కల్లోనే రెక్కలు, తోక, కిటికీలు అన్నీ ఇమడాలి. అందుకే సాక్సుల డిజైనర్లు విమానం మొత్తాన్ని దించాలని చూడరు. చూడగానే పోల్చుకునే ఒకే ఒక్క గీతను పట్టుకుంటారు. కాంకార్డ్‌కి వంగిన ముక్కు. స్పిట్‌ఫైర్‌కి కోడిగుడ్డు ఆకారపు రెక్క.

ఇంకో చిక్కూ ఉంది. ఒక రంగు దారం పనిలో లేనప్పుడు అది లోపలి వైపు ఊరికే వేలాడుతుంది. రంగులు ఎక్కువైనకొద్దీ లోపల పోగులూ పెరుగుతాయి. తొడుక్కునేటప్పుడు వేళ్లకు తగులుకునేవి అవే. బయట ఎంత అందమో లోపల అంత నున్నగా ఉంటేనే పనితనం.

వారసత్వ డిజైన్లలో అందరికీ తెలిసింది వజ్రాల గడులున్న ఆర్గైల్. స్కాట్లండ్‌లో ఆర్గైల్ ప్రాంతపు క్యాంప్‌బెల్ వంశంవారి గళ్ల గుడ్డ నుంచి పుట్టింది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటన్ యువరాజు గోల్ఫ్ మైదానంలో వేసుకుని తిరిగేసరికి లోకమంతా పాకింది. ఇవాళ ఆ వంశం పేరు కూడా తెలియనివాళ్లు దాన్ని తొడుక్కుంటున్నారు.

అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. బొమ్మ ప్రయాణం చేసినంత తేలిగ్గా దాని కథ ప్రయాణం చేయదు. ఉదాహరణకు ఇకత్. దారాన్ని ముందే ముడులు కట్టి, రంగుల్లో ముంచి, ఆ తర్వాత మగ్గం ఎక్కిస్తేనే అది ఇకత్. భౌగోళిక గుర్తింపు ఉన్న పోచంపల్లి గొప్పతనం అంతా ఆ శ్రమలోనే ఉంది. ఆ డిజైన్‌ని ఫొటో తీసి యంత్రానికి ఎక్కిస్తే వచ్చేది ఇకత్ బొమ్మే గానీ ఇకత్ కాదు. దానివల్ల మగ్గం ముందు కూర్చున్న మనిషికి రూపాయి కూడా ముట్టదు. 'వారసత్వం' అని అట్ట మీద రాసిన సాక్సు కొనేటప్పుడు ఆ సొమ్ములో ఆ వారసులకేమైనా వెళ్తోందా అని ఒక్కసారి అడగడంలో తప్పులేదు.

కాలికి తగునా?

బార్బరా కోసం బుష్ పుస్తకాల బొమ్మలున్న మేజోళ్లు వేసుకున్నాడని చదివినప్పుడు మీలో కొందరికి ఓ క్షణం ఎలాగో అనిపించి ఉంటుంది. నిజమే. పుస్తకానికి కాలు తగిలితే కళ్లకద్దుకునే జాతి మనది. అక్కడ ప్రేమ అయింది, ఇక్కడ అపచారం అవుతుంది. రెండూ నిజాలే.

మన చట్టం కూడా ఈ సంగతి పట్టించుకుంది. జాతీయ గౌరవానికి సంబంధించిన 1971 నాటి చట్టాన్ని 2005లో సవరించి జాతీయ పతాకాన్ని దుస్తుల్లో వాడటానికి దారి ఇచ్చారు. కానీ నడుముకి కింద వేసుకునే ఏ దుస్తుల్లోనూ వాడకూడదన్నారు. అంటే స్వాతంత్య్ర దినోత్సవం రోజైనా సరే మువ్వన్నెల జెండా సాక్సులు కుదరవు! మలేసియాలో 2024లో దైవనామం ఉన్న మేజోళ్లు అమ్మకానికి కనిపించడంతో దేశమంతా అట్టుడికింది. దుకాణాల మీద పెట్రోలు బాంబులు పడ్డాయి. కోర్టు ఆ సంస్థకు జరిమానా వేసింది.

అలాగని మనకు బొమ్మలే కరవా? దేవుళ్లనూ జెండానూ వాటి చోట ఉంచేసినా మిగిలేది బోలెడు. 1932 అక్టోబరు 15న కరాచీ నుంచి బొంబాయికి జేఆర్డీ టాటా టపా మోసుకొచ్చిన బుల్లి పుస్‌మాత్ విమానం ఉంది. వంగి నమస్కరించే ఎయిరిండియా మహరాజా ఉన్నాడు. 2008 మార్చి 23న శంషాబాద్‌కి విమానాలు తరలిపోయేదాకా హైదరాబాదీల వీడ్కోలు కన్నీళ్లన్నీ చూసిన బేగంపేట ఉంది. గల్ఫ్‌కీ, అమెరికాకీ వెళ్లే కొడుకుల్ని సాగనంపి, విమానం కనుమరుగయ్యేదాకా ఆకాశంకేసి చూసినవాళ్లు ఊరూరా ఉన్నారు. పోర్ట్‌లండ్‌వాళ్లకి తివాచీ ఎంతో, వాళ్లకి బేగంపేట అంతే!

కొనేముందు...

* సాక్సుని లోపలికి తిప్పి చూడండి. పొడవాటి పోగులు వేలాడుతుంటే వేళ్లకు తగులుకుంటాయి.

* రెండు చేతులతో సాగదీయండి. బొమ్మ మధ్యలోంచి తెల్లదనం బయటపడితే అది పైపై అచ్చు కావొచ్చు. కాలికెక్కాక విమానం వెలిసిపోయినట్టు కనిపిస్తుంది.

* వట్టి నూలు త్వరగా సాగిపోతుంది. కాస్త నైలాన్, కొంచెం ఎలాస్టేన్ కలిసినవి కాలికి పట్టి ఉంటాయి.

* ఉతికేటప్పుడు తిరగేసి, చల్లటి నీళ్లలో వేయండి. రంగులు నిలుస్తాయి.

* విమానం బొమ్మ ఉన్నంత మాత్రాన అవి విమాన ప్రయాణానికి వాడే సాక్సులైపోవు! అయిదు గంటలు దాటిన ప్రయాణాల్లో పిక్కల్లో రక్తం గడ్డకట్టే ముప్పును తగ్గించేవి కాలిని ఒక లెక్క ప్రకారం బిగించి పట్టే ప్రత్యేకమైన మేజోళ్లు. బీపీ, షుగరు, రక్తనాళాల సమస్యలున్నవారు డాక్టరునడిగే వాడాలి.

* బహుమతిగా ఇస్తున్నారా? బొమ్మ వెనకున్న కథను ఓ చిన్న కాగితం మీద రాసి అందులో పెట్టండి. సాక్సు ఏడాదికో రెండేళ్లకో చిరుగుతుంది... కథ మాత్రం ఇంకొకరికి చేరుతుంది.